వాకపల్లి నుంచి పోక్సో కోర్టు దాకా: లైంగిక నేరం రుజువయ్యేది ఎక్కడ?

(ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, న్యాయ విద్యార్థుల కోసం జరిగిన అవగాహన సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో టీచర్లు ఉన్నారు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఉన్నారు, వెనక వరసల్లో లా చదువుకుంటున్న పిల్లలు ఉన్నారు. నేను వృత్తిలో మొదట ముద్దాయిల తరఫున వాదించాను. తర్వాత ప్రాసిక్యూషన్ వైపు పనిచేశాను. రెండు వైపులా నిలబడ్డాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. లైంగిక నేరాల కేసుల్లో చాలా భాగం కోర్టు మెట్లు ఎక్కకముందే తేలిపోతాయి. స్టేషన్లో రైటర్, అంటే ఫిర్యాదులు రాసుకునే పోలీసు, ఏం రాశాడు, ఆసుపత్రిలో డాక్టర్ ఏం సేకరించి భద్రపరిచారు, మొదటి వారం రోజుల్లో ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ఏం చేశారు అన్నదాని మీదే తీర్పు చాలావరకు ఆధారపడుతుంది. అక్కడ పోయింది తర్వాత దొరకదు. శిక్షను ఉరి దాకా పెంచినా దొరకదు.

మన దగ్గరి కేసే చెబుతాను. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున విశాఖ మన్యంలో, జి.మాడుగుల మండలం వాకపల్లికి గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళం కూంబింగ్‌కి, అంటే మావోయిస్టుల కోసం గాలింపుకి వెళ్ళింది. ఆ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ మహిళలు చెప్పారు. పోలీసు శాఖ కాదంది. కేసు హైకోర్టుకు వెళ్ళింది, సుప్రీంకోర్టుకు వెళ్ళింది, విచారణ త్వరగా ముగించమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న పదమూడు మంది పోలీసులనూ నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో ఆ మహిళలకు నష్టపరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది.

నిర్దోషులని వదిలేసి, పరిహారం కూడా ఇవ్వమనడం ఏమిటని మీకు అనిపించవచ్చు. దర్యాప్తు చేసిన అధికారులు తమ పని సరిగ్గా చేయలేదని కోర్టు తేల్చింది. నిందితులను వరసగా నిలబెట్టి బాధితుల చేత గుర్తింపజేసే పరేడ్ కూడా జరగలేదు. ఊళ్ళోకి వచ్చింది యూనిఫాం వేసుకున్న, ముక్కూముఖం తెలియని మనుషులు. వాళ్ళలో ఎవరు ఏం చేశారో తేల్చాలంటే ఆ పరేడ్ మొదటి రోజుల్లోనే జరగాలి. పదిహేనేళ్ళు దాటాక ఎంత పెద్ద లాయర్ వచ్చినా దాన్ని జరిపించలేడు. ఆ ఆడవాళ్ళు అన్నేళ్ళు మన్యం దిగి వచ్చి, తమకు రాని భాషలో నడిచే వ్యవస్థ ముందు నిలబడ్డారు. వాళ్ళ వైపు నుంచి లోటేమీ లేదు. ఈ తీర్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 2024 జూలై 1 నుంచి భారత శిక్షా స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అత్యాచారం అంటే ఏమిటో చెప్పే పాత 375 ఇప్పుడు 63వ సెక్షన్. మీలో చాలామంది అత్యాచారం అంటే సంభోగం అనే అనుకుంటారు. 2013 వరకు చట్టం కూడా అంతే అనుకుంది. 2012 డిసెంబరు ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. దాని తర్వాత వచ్చిన సవరణతో నిర్వచనం విస్తరించింది. వేలితో గానీ, వస్తువుతో గానీ, నోటితో గానీ చేసిన పనులు కూడా ఇప్పుడు అత్యాచారం కిందికే వస్తాయి. పూర్తిగా జరిగిందా, సగం జరిగిందా అన్న లెక్క లేదు. ఇది ఆశా కార్యకర్తలకు ముఖ్యం. 'ఏమీ కాలేదులే, చెయ్యే కదా' అని ఇంట్లోవాళ్ళు అన్న సందర్భాల్లో చాలాసార్లు చట్టం దృష్టిలో పూర్తి నేరం జరిగిపోయి ఉంటుంది. దానికి కనీస శిక్ష పదేళ్ళు. బాధితురాలు పదహారేళ్ళ లోపు అయితే కనీసం ఇరవై ఏళ్ళు. పన్నెండేళ్ళ లోపు అయితే మరణశిక్ష వరకు వెళ్ళవచ్చు. సామూహిక అత్యాచారానికి కనీసం ఇరవై ఏళ్ళు.

అసలు గొడవ ఎప్పుడూ సమ్మతి దగ్గరే. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో ఒక మహిళపై పోలీసులు అత్యాచారం చేశారని, ఆమె భర్త వాళ్ళ దెబ్బలకు చనిపోయాడని నగరం అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనంతా ఆమె నడవడిక మంచిది కాదని నిరూపించడం మీదే నడిచింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. 1978లోనే, మహారాష్ట్రలో స్టేషన్లోనే జరిగిన మరో కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఆ ఆదివాసీ అమ్మాయి ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది దాని సారాంశం. రాత్రిపూట స్టేషన్లో, ఇద్దరు పోలీసుల మధ్య ఒంటరిగా ఉన్న చిన్నపిల్ల అరవలేదు కాబట్టి ఒప్పుకుందట! ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా మహిళా సంఘాలు కదిలాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో ఉన్న మహిళ, అధికారం ఉన్నవాడి చేతికింద ఉన్న మహిళ 'నేను ఒప్పుకోలేదు' అని కోర్టులో చెబితే, సంభోగం జరిగినట్టు రుజువైన పక్షంలో, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. ఈ నియమం ఇప్పుడు పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 120వ సెక్షన్లో ఉంది.

2013లో ఇంకో అడుగు పడింది. సమ్మతి అంటే ఏమిటో చట్టంలోనే రాశారు. మాటతో గానీ, సైగతో గానీ, మరో రకంగా గానీ, ఈ పనికి ఇష్టమేనని స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలపడం. ఎదురు తిరగలేదు, కొట్టలేదు, పరుగెత్తలేదు అన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదు. లా విద్యార్థులు ఈ వాక్యాన్ని కంఠతా పట్టండి. ఇవాళ్టికీ క్రాస్ ఎగ్జామినేషన్లో 'మీరు అరవలేదు కదా' అన్న ప్రశ్న వస్తూనే ఉంటుంది. ప్రాసిక్యూటర్ లేచి ఆ నిబంధన చదవకపోతే ఆ ప్రశ్న గాల్లో అలాగే నిలిచిపోతుంది. అలాగే ఆమె పూర్వ సంబంధాల గురించి, నడవడిక గురించి అడగడాన్ని సాక్ష్య చట్టం అడ్డుకుంటుంది. సమ్మతిని తేల్చడానికి అవి పనికిరావు.

పిల్లల విషయంలో సమ్మతి మాటే లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు ఆడైనా మగైనా దీని కిందికి వస్తారు. మగపిల్లలకు కూడా ఈ చట్టం ఉందన్న సంగతి హాస్టళ్ళు నడిపేవాళ్ళకు గట్టిగా చెప్పాలి. ఒంట్లోకి చొచ్చే నేరాన్ని 3వ సెక్షన్ చెబుతుంది. లైంగిక ఉద్దేశంతో తాకడాన్ని 7వ సెక్షన్ చెబుతుంది, శిక్ష మూడు నుంచి ఐదేళ్ళు. చేసినవాడు టీచరైతే, పోలీసైతే, ఆసుపత్రి సిబ్బంది అయితే, రక్తసంబంధీకుడైతే అది తీవ్రమైన నేరంగా మారి శిక్ష పెరుగుతుంది. నమ్మి అప్పగించిన చోట జరిగింది కాబట్టి.

ఈ 7వ సెక్షన్ మీద 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ ఒక తీర్పు ఇచ్చింది. పన్నెండేళ్ళ పాప ఛాతీని బట్టల మీదుగా నొక్కితే చర్మానికి చర్మం తగలలేదు కాబట్టి పోక్సో కింద లైంగిక దాడి కాదంది. అదే నిలిచి ఉంటే గ్లౌజు వేసుకున్నవాడు తప్పించుకునేవాడు. అదే ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చూడాల్సింది ఉద్దేశం, బట్ట అడ్డముందా లేదా అన్నది కాదు. చట్టంలో ఒక్క మాటను ఎలా చదువుతారన్న దాని మీద ఎంతమంది పిల్లల భద్రత ఆధారపడి ఉంటుందో చూడండి.

ఇప్పుడు కేసు నడిచే దారికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ చేతుల్లో ఉన్న భాగం ఇదే.

మొదటిది ఎఫ్ఐఆర్. ఇలాంటి నేరం జరిగిందని చెబితే స్టేషన్లో రాసుకుని తీరాలి. 'మా పరిధి కాదు, పక్క స్టేషన్‌కి పొండి' అనే మాట చెల్లదు. జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధి చూడకుండా రాసుకునే ఎఫ్ఐఆర్, కట్టి సరైన స్టేషన్‌కి వాళ్ళే పంపాలి. రాయడానికి నిరాకరించిన అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. మహిళా అధికారే ఫిర్యాదు రాసుకోవాలి. పిల్లలైతే ఇంటి దగ్గరో, వాళ్ళకు ఇష్టమైన చోటో వాంగ్మూలం తీసుకోవాలి, ఆ అధికారి యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు.

ఈ రాతలోనే పెద్ద తేడా వస్తుంది. పిల్ల 'మామయ్య నాకు ఇక్కడ నొప్పి పుట్టించాడు' అంటుంది. రైటర్ దాన్ని పోలీసు భాషలోకి మార్చి 'సదరు నిందితుడు బలవంతంగా' అని మొదలుపెడతాడు. ఆరు నెలల తర్వాత పిల్ల కోర్టులో మళ్ళీ తన మాటల్లోనే చెబుతుంది. డిఫెన్స్ లాయర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఇవి ఒకటి కాదంటాడు. ఆయన తప్పు లేదు, అవి నిజంగానే ఒకటి కావు. పిల్ల అన్న మాట అన్నట్టే రాసి ఉంటే ఈ చిక్కు రాదు.

రెండోది వైద్య పరీక్ష. సమాచారం అందిన 24 గంటల్లో బాధితురాలిని డాక్టర్ దగ్గరికి పంపాలి. డాక్టర్ ఏడు రోజుల్లో నివేదిక పంపాలి. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే ఉచితంగా వైద్యం చేయాలి, చేయకపోతే నేరం. పరీక్షకు బాధితురాలి అనుమతి కావాలి, చిన్నపిల్లలైతే పెద్దవాళ్ళ అనుమతి. రెండు వేళ్ళ పరీక్ష అని ఒకటి ఉండేది, అమ్మాయి కన్యా కాదా అని తేల్చడానికట. దానికి శాస్త్రమూ లేదు, గౌరవమూ లేదు. చేయకూడదని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2022 అక్టోబరులో మళ్ళీ చెబుతూ, చేసిన డాక్టర్‌ది దుష్ప్రవర్తన కింద లెక్క అంది. రెండోసారి చెప్పాల్సి వచ్చిందంటే మధ్యలో తొమ్మిదేళ్ళు ఎంతమంది ఆ అవమానం పడ్డారో ఆలోచించండి.

ఇంట్లో ఏం చేయాలి? ఆడపిల్లకు అలాంటిది జరిగిందని తెలియగానే మన ఇళ్ళలో తల్లి చేసే మొదటి పని తలస్నానం చేయించి, బట్టలు ఉతికేయడం. బిడ్డ ఒంటి మీది మైల పోవాలన్న తాపత్రయం అది, అర్థమవుతుంది. కానీ ఆ బట్టల మీదే సాక్ష్యం ఉంటుంది. ఉతక్కండి. తడిగా ఉంటే నీడన ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు పాడవుతుంది. మొదటి నాలుగు రోజులూ చాలా విలువైనవి. ఇప్పటికే స్నానం చేయించి ఉంటే కేసు పోయినట్టేనా? కాదు. గాయాల్లేకపోయినా, ల్యాబ్ రిపోర్టులో ఏమీ తేలకపోయినా బాధితురాలి సాక్ష్యం నమ్మదగ్గదైతే దాని మీదే శిక్ష వేయవచ్చు. సుప్రీంకోర్టు 1996లో పంజాబ్ కేసులో ఇది స్పష్టంగా చెప్పింది. ఇంకో సాక్షి బలపరచాలన్న నియమం లేదు. నాలుగు గోడల మధ్య జరిగే నేరానికి రెండో సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

మూడోది మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం. పాతరోజుల్లో 164 అనేవాళ్ళం, ఇప్పుడు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 183. పోలీసు రాసిన దాని కంటే దీనికి బరువు ఎక్కువ. వీలైనంతవరకు మహిళా మేజిస్ట్రేట్ తీసుకోవాలి. దర్యాప్తు రెండు నెలల్లో ముగియాలి. చార్జిషీట్ పడ్డాక విచారణ కూడా రెండు నెలల్లో ముగియాలని చట్టం రాసుకుంది. అది ఎంతవరకు జరుగుతోందో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

విచారణ మూసిన తలుపుల వెనక జరగాలి. పోక్సో కోర్టులో అయితే పిల్లకు ముద్దాయి కనపడకూడదు, మాట మాత్రం అతనికి వినపడాలి. లాయర్లు పిల్లను నేరుగా ప్రశ్నలు అడగకూడదు. జడ్జికి ఇస్తే జడ్జి అడగాలి. పిల్లకు మధ్యమధ్యలో విరామం ఇవ్వాలి, మాటిమాటికీ కోర్టుకు పిలవకూడదు. కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు చేయాలి. ఈ ఆఖరి గడువు నా దృష్టిలో మొత్తం చట్టంలోకెల్లా విలువైనది. ఏడేళ్ళ పాప సాక్ష్యం పదేళ్ళ వయసులో తీసుకుంటే ఆమెకు గుర్తుండేది ఎంత? ఆ మూడేళ్ళలో ఇంటికి రాజీ కబుర్లు ఎన్ని వచ్చి ఉంటాయి?

నేరారోపణ రుజువు చేసే భారం ఎవరి మీద ఉంటుందని లా విద్యార్థులను అడిగితే ప్రాసిక్యూషన్ మీద అంటారు. పోక్సోలో 29వ సెక్షన్ కొంచెం మార్చింది. ముద్దాయి ఆ నేరం చేసినట్టే కోర్టు భావించాలి, కాదని అతను రుజువు చేసుకునేదాకా. ఇది చూసి కొందరు పోలీసులు ఇక మన పని అయిపోయిందనుకుంటారు. అది పొరపాటు. బాధితురాలి వయసు, ఘటన జరిగిన తీరు, ఈ మనిషే అన్న విషయం లాంటి మూల వాస్తవాలు ప్రాసిక్యూషన్ ముందు నిలబెట్టాకే ఆ భావన మొదలవుతుంది.

ఇక డిఫెన్స్. ముద్దాయి తరఫు లాయర్ ఏం వాదిస్తాడు? మొదట వయసు. పదిహేడేళ్ళా, పంతొమ్మిదేళ్ళా అన్నదాని మీద కేసు మొత్తం తిరుగుతుంది. స్కూల్ సర్టిఫికెట్, లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, అవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మన పల్లెల్లో బడిలో వేసిన రోజున అయ్యవారు ఉజ్జాయింపుగా వేసిన తేదీ చాలామంది సర్టిఫికెట్లలో ఉంటుంది. హెడ్మాస్టర్లూ, మీ అడ్మిషన్ రిజిస్టర్ ఏదో ఒక రోజు సాక్షి బోను దాకా వస్తుంది. ఆ తేదీ దేన్ని చూసి రాశారో పక్కన రాసిపెట్టండి.

తర్వాత ఆలస్యం. పదిరోజుల తర్వాత ఫిర్యాదు ఎందుకు ఇచ్చారని అడుగుతారు. పరువు భయం, బెదిరింపు, ఇంటి పెద్ద లేకపోవడం, ఏదైనా సరే నిజమైన కారణం ఎఫ్ఐఆర్‌లోనే రాసి ఉంటే కోర్టులు ఆలస్యాన్ని పట్టించుకోవు. తర్వాత పాత కక్షలు, పొలం గట్టు తగాదా, పిల్లకు పెద్దవాళ్ళు నేర్పించి చెప్పించారన్న వాదన. తర్వాత శాంపిళ్ళు. ఆసుపత్రి నుంచి ల్యాబుకు వెళ్ళేదాకా సీసా ఎవరి దగ్గర ఉంది, సీలు ఎవరు వేశారు, రిజిస్టర్లో ఉందా. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. వీటికి జవాబు లేని కేసులో శిక్ష పడకపోతే డిఫెన్స్ లాయర్‌ను తిట్టి లాభం లేదు.

'ఇలాంటివాడి తరఫున ఎలా వాదించారు సార్' అని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్ళ బాధ నాకు తెలుసు. జవాబుగా మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కేసు చెబుతాను. 2013లో తొమ్మిదేళ్ళ పాపపై అత్యాచారం, హత్య. ఊరంతా కోపంతో ఉంది. ఆరోపణలు ఖరారు చేసిన రోజునే న్యాయసేవల నుంచి ముద్దాయికి ఒక లాయర్‌ను ఇచ్చారు. అక్కడి నుంచి రెండు వారాల్లోపే మరణశిక్ష పడింది. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి మళ్ళీ విచారించమంది. కాగితాలు చదువుకునే సమయం కూడా ఇవ్వకుండా లాయర్‌ను పెట్టడం లాయర్‌ను ఇవ్వడం కాదంది. ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో కనీసం పదేళ్ళ అనుభవమున్న లాయర్ ఉండాలని, తయారీకి కనీసం ఏడు రోజులు ఇవ్వాలని చెప్పింది. మళ్ళీ విచారణ జరిగి 2024లో అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. పదకొండేళ్ళు పోయాయి. ఆ పాపకు న్యాయం జరిగిందా? ఆమెను చంపిందెవరో ఇన్నేళ్ళ తర్వాత ఎవరు తేలుస్తారు? తొందరపాటు వల్ల ఆ మనిషితో పాటు ఆ పాప కుటుంబం కూడా నష్టపోయింది.

వేగంగా నడిపితే తప్పా అంటే, కాదు. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపపై జరిగిన ఘోరం మీకందరికీ గుర్తుంది. ఆ కేసులో రెండు నెలల్లోపే శిక్ష పడింది. అది హైకోర్టులో మరణశిక్ష నుంచి బతికున్నంతకాలం జైలుగా మారింది గానీ నేర నిర్ధారణ మాత్రం చెదరలేదు. దర్యాప్తు గట్టిగా ఉంటే వేగం ఇబ్బంది పెట్టదు.

అదే ఏడాది నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన ఘటన. దిశ అని మనం పిలుచుకున్నాం. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పూలు చల్లారు, స్వీట్లు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటికి వచ్చిన నివేదికలో, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని చెప్పింది. ఇది విన్నప్పుడు కొందరికి నచ్చదు. నేను అడిగేది ఒక్కటే. ఆ నేరం ఏ కోర్టులోనూ రుజువు కాలేదు, ఇక కాదు కూడా. ఆ రాత్రి కుటుంబం వెళితే స్టేషన్లో పరిధి గురించి మాట్లాడి సమయం పోగొట్టారన్న ఆరోపణ వచ్చింది కదా, దాని సంగతి ఆ కాల్పుల చప్పుడులో మనం మరిచిపోయాం. తుపాకీతో ముగిసిన కేసులో దర్యాప్తు లోపాలను ప్రశ్నించేవాళ్ళే ఉండరు. వాకపల్లి ఆడవాళ్ళు ఫిర్యాదు చేసింది కూడా తుపాకీ ఉన్నవాళ్ళ మీదేనని మరవకండి.

కొన్ని బార్ అసోసియేషన్లు ఫలానా కేసులో ఎవరూ వాదించకూడదని తీర్మానాలు చేస్తుంటాయి. అవి చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. లా పిల్లలు ఇది గుర్తుంచుకోండి. డిఫెన్స్ చేయడం అంటే బాధితురాలిని అవమానించడం కాదు. సాక్ష్యాన్ని పరీక్షించడం. నేను ముద్దాయి తరఫున ఉన్నప్పుడు కూడా నడవడిక ప్రశ్నలు అడగలేదు, అడగాల్సిన అవసరమూ రాలేదు. సీలు లేని సీసా గురించి అడిగితే సరిపోయేది.

కష్టమైన విషయం ఒకటి ఉంది, దాటేయలేను. పోక్సో కోర్టులకు వచ్చే కేసుల్లో పదహారు, పదిహేడేళ్ళ అమ్మాయి ప్రేమించినవాడితో వెళ్ళిపోతే తండ్రి పెట్టిన కేసులు చాలా ఉంటాయి. కులం వేరైతే ఇక చెప్పనక్కర్లేదు. అమ్మాయి బోనెక్కి 'నా ఇష్టంతోనే వెళ్ళాను' అంటుంది. చట్టం వినదు. పోక్సో రాకముందు సమ్మతి వయసు పదహారు, ఇప్పుడు పద్దెనిమిది. లా కమిషన్ 2023లో వయసు తగ్గించవద్దంది, కానీ పదహారు, పద్దెనిమిది మధ్య కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి విచక్షణ ఉండాలని సూచించింది. నా మటుకు నేను ఆ విచక్షణ ఇవ్వాలనే అంటాను. ఇద్దరు పిల్లల మధ్య దాదాపు సమవయసు ప్రేమనూ, నలభై ఏళ్ళ మేనమామ చేసిన నేరాన్నీ ఒకే చట్టం కింద ఒకేలా నేరంగా కొలవడం నాకు న్యాయంగా కనిపించదు. వయసు తగ్గించాలా అంటే మాత్రం జంకుతాను. బాల్యవివాహాలు చేసేవాళ్ళకు అది దారి అవుతుంది.

పెళ్ళి చేసుకుంటానని నమ్మించి మోసం చేసిన కేసులకు ఇప్పుడు న్యాయ సంహితలో 69వ సెక్షన్ విడిగా ఉంది, పదేళ్ళ వరకు శిక్ష. మొదటి నుంచీ పెళ్ళి చేసుకునే ఉద్దేశమే లేకుండా మాట ఇవ్వడం వేరు, మాట ఇచ్చి తర్వాత నిలబెట్టుకోలేకపోవడం వేరు. 2019లో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. చట్టంలో ఖాళీలూ ఉన్నాయి. భార్య పద్దెనిమిది దాటితే భర్త బలవంతం ఇప్పటికీ అత్యాచారం కాదు. ఢిల్లీ హైకోర్టులో 2022లో ఇద్దరు జడ్జిలు ఈ విషయంలో రెండు రకాలుగా తీర్పు రాశారు. అసహజ లైంగిక చర్యల గురించిన పాత 377 సెక్షన్ కొత్త సంహితలో లేకపోవడంతో పెద్దవయసు మగవాడిపై జరిగే లైంగిక దాడికి సూటిగా సరిపోయే సెక్షన్ లేకుండా పోయింది. ఈ రెండూ సరిచేయాల్సినవే.

ఇక రాజీ. నాకు తెలిసినంతలో కేసులను ఎక్కువగా చంపేది ఇదే. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుంటారు. అమ్మాయి పెళ్ళి ఎలా అవుతుందంటారు. కొంత సొమ్ముకు ఖరారు చేస్తారు, లేదా వాడికే ఇచ్చి కట్టబెడతామంటారు. ఆ తర్వాత కోర్టులో తల్లి, తండ్రి, చివరికి పిల్ల కూడా ఎదురు తిరుగుతారు. ప్రతి ఏటా జాతీయ లెక్కల్లో అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్ళే. బంధువో, పొరుగువాడో, పనిచ్చినవాడో. అందుకే ఒత్తిడి బయటి నుంచి కాకుండా వంటింట్లో నుంచే వస్తుంది. ఇలాంటి నేరంలో రాజీకి చట్టంలో చోటు లేదు. రాజస్థాన్‌లో ఒక టీచర్ మీద కేసును, బాలిక తండ్రి రాజీ పడ్డాడని హైకోర్టు కొట్టేస్తే 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును మళ్ళీ నిలబెట్టింది. రాఖీ కట్టించుకుని రమ్మని బెయిల్ షరతు పెట్టిన ఉత్తర్వును కూడా 2021లో పక్కన పెట్టింది.

సమయం అయిపోతోంది. చీటీల మీద వచ్చిన ప్రశ్నల్లో రెండు తీసుకుంటాను.

'క్లాసులో ఒక పిల్ల నాకు చెప్పింది. తల్లిదండ్రులు కేసు వద్దంటున్నారు. నేను ఏం చేయాలి?' అని ఒక టీచరమ్మ అడిగారు.

అమ్మా, మీకు తెలిసిన క్షణం నుంచి పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత మీది. పోక్సో 19వ సెక్షన్ తల్లిదండ్రుల ఇష్టాన్ని అడగదు. చెప్పకపోతే ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యుడైతే ఏడాది వరకు జైలు. నమ్మి, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ ఉండదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా స్టేషన్‌కి చెప్పండి. మీరు దర్యాప్తు మొదలుపెట్టకండి. పిల్లను మళ్ళీ మళ్ళీ అడగకండి, స్టాఫ్ రూంలో నలుగురి ముందు అడిగించకండి, నిందితుడిని పిలిపించి నిలదీయకండి. పిల్ల చెప్పిన మాటలు ఆమె అన్నట్టే, తేదీ, సమయంతో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఆ పేరు టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బాధితుల పేరు, ఊరు, బడి, గుర్తుపట్టేలా ఏ వివరం బయటపెట్టినా నేరమే. తల్లిదండ్రులతో గొడవ పెట్టుకోవద్దు. చాలాసార్లు వాళ్ళకు భయం తప్ప మరొకటి ఉండదు. వాళ్ళ పక్కన కూర్చుని ముందు ముందు ఏం జరుగుతుందో చెబితే సగం మంది దిగివస్తారు.

'కోర్టు ఖర్చులు ఎవరు పెట్టుకుంటారు, పరిహారం తీర్పు వచ్చాకేనా?' అన్నది రెండో ప్రశ్న. ప్రాసిక్యూషన్ ప్రభుత్వానిది, మీరు లాయర్ ఫీజు కట్టక్కర్లేదు. సొంత లాయర్ కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. పోక్సో కేసులో ఎఫ్ఐఆర్ అయిన తర్వాత ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు. ముద్దాయి దొరకకపోయినా, చివరికి విడుదలైనా పరిహారం అడగవచ్చు. ఇది ఎవరూ వెతికి తెచ్చి ఇవ్వరు, అడగాలి. బాలల సంక్షేమ కమిటీ పిల్ల వెంట ఉండడానికి సహాయకుడిని నియమించగలదు. ఆ మనిషే కోర్టు తేదీలు చెబుతారు, వెంట వస్తారు. దరఖాస్తు ఒక పేజీయే, దాని నమూనా బయట టేబుల్ మీద ఉంది. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి, మీ ఊళ్ళో అంగన్‌వాడీ గోడకు ఒకటి అంటించండి.